గొడ్డలికి ధర ఉంది, చూపుకు లేదు

అనంతపురంలో చెట్ల తొలగింపు కాగితాల మీద సంతకాలు చేసే అధికారులకు, ఇంజనీర్లకు, బడి కమిటీలకు, కాలనీ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను చెట్లెక్కి బతికేవాడిని. మా నాన్నా అంతే. రోడ్డు పక్క చింతచెట్ల ఫలసాయాన్ని వేలంలో పాడుకున్న గుత్తదారుల దగ్గర ఆయన కాయలు దులిపే కూలీ. ఎక్కే ముందు ప్రతి మానునూ గొడ్డలి వెనక వైపుతో నాలుగు పక్కలా తట్టేవాడు. గట్టి చప్పుడు వస్తే తువ్వాలు నడుముకు బిగించి ఎక్కేవాడు. కుండ మీద కొట్టినట్టు డొల్లగా పలికితే చెవి ఆనించి మళ్లీ తట్టేవాడు. ఒక్కోసారి తల అడ్డంగా ఊపి పక్క చెట్టుకు వెళ్లిపోయేవాడు. ఆ పూట కూలి తగ్గినా సరే.

తర్వాత నేను బెంగళూరులో ఏడేళ్లు చెట్ల సంరక్షణ పనిలో ఉన్నాను. మొదటి వారంలోనే మా పెద్ద మేస్త్రీ ఒక సుత్తి తీసుకుని రైన్ ట్రీ చుట్టూ తిరుగుతూ తట్టి వినడం చూసి నవ్వొచ్చింది. ఇది మా నాన్న చేసేదే కదా అనుకున్నాను. తేడా ఒక్కటే. ఈయన విన్నది కాగితం మీద రాసి, తేదీ వేసి, కింద సంతకం చేశాడు. రేపు ఆ చెట్టు కూలితే ఆ కాగితం ఆయన మెడకు చుట్టుకుంటుంది. ఆ సంతకం గురించే ఈ లేఖ.

ముందే ఒప్పుకుంటున్నాను, దీనిలో నాకు స్వార్థం ఉంది. మీరు నా మాట వింటే నాకు పని దొరుకుతుంది. ఆ సంగతి పక్కన పెట్టుకునే మిగతాది చదవండి.

రెండేళ్ల కిందట ఒక బడివాళ్లు పిలిచారు. ఆవరణలో పెద్ద చింతచెట్టు. గాలికి ఒక కొమ్మ విరిగి రేకుల షెడ్డు మీద పడింది. పిల్లలెవరూ లేని సమయం కాబట్టి బతికిపోయారు. “ప్రమాదకరంగా ఉందని రాసివ్వు, చాలు” అన్నారు. నేను ముందు చెట్టును చూస్తానన్నాను. ఏముంది చూడటానికి, కనిపిస్తూనే ఉంది కదా అన్నట్టు చూశారు.

గంటన్నర పట్టింది. దూరంగా నిలబడి తల వైపు చూశాను. చివరి రెమ్మలదాకా ఆకు నిండుగా ఉంది. తొలికతో మొదలు చుట్టూ మట్టి తీసి వేళ్ల మెడలు చూశాను. ఎక్కడా మెత్తబడలేదు, పుట్టగొడుగుల జాడ లేదు. మాను చుట్టుకొలత 4 మీటర్లకు కాస్త ఎక్కువ, అంటే నడిమి నుంచి బెరడు దాకా 65 సెంటీమీటర్లు. లోపల తొర్ర ఉంది, అబద్ధం చెప్పను. సన్నని డ్రిల్లుతో నాలుగు చోట్ల చూస్తే గట్టి కలప గోడ ఎక్కడా 28 సెంటీమీటర్లకు తగ్గలేదు. జర్మనీలోని కార్ల్స్‌రూలో క్లాస్ మాథెక్ అనే శాస్త్రవేత్త విరిగిన చెట్లనూ నిలిచిన చెట్లనూ కొలిచి ఒక కొండగుర్తు ఇచ్చాడు: గుల్లయిన మానులో మిగిలిన గోడ వ్యాసార్ధంలో దాదాపు మూడో వంతు ఉంటే మాను విరిగే భయం తక్కువ. తొర్ర పక్కకు నోరు తెరిచినా, చెట్టు తల మరీ బరువైనా ఆ లెక్క మారుతుంది. ఈ చెట్టుకు మాత్రం గోడ చుట్టూ మూసుకునే ఉంది. వీధి దీపం స్తంభం లోపల గుల్లే అయినా నిలబడుతుంది కదా, అలాగన్నమాట.

నేను రాసిచ్చింది ఇది: షెడ్డు మీదికి వంగిన రెండో కొమ్మను తీసేయాలి. పిల్లలు అన్నం తినే చోటును చెట్టు కింద నుంచి జరపాలి. వానాకాలం పోయాక మళ్లీ చూడాలి. కాగితం చదివిన పెద్దమనిషి అడిగిన ప్రశ్న నాకు ఇంకా గుర్తుంది. “కొట్టాలా వద్దా, ఒక్క ముక్కలో చెప్పప్పా. అయినా నీ హోదా ఏమిటి?”

హోదా లేదు. నిజమే. వారం తిరక్కుండా ఇంకొకాయన వచ్చి చూడకుండానే ‘ప్రమాదకరం’ అన్నాడు. ఆయన కలప కొనేవాడు. ఆ చెట్టును కొన్నదీ ఆయనే. కొట్టాక మొద్దు చూడటానికి వెళ్లాను. చేవ నల్లగా, ఊదారంగు చారలతో, నూనె పూసినట్టు మెరుస్తోంది. చెదపురుగు కూడా తొలవలేని కలప అది.

ఇంకో చెట్టు కథ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఒక వీధిలో రైన్ ట్రీ. కొందరు నిద్రగన్నేరు అంటారు. వీధి మొత్తానికీ నీడ. దాని మొదట్లో మురుగు కాలువకు కందకం తవ్వారు. మానుకు అడుగు దూరంలో, నిట్టనిలువుగా. నేను అటుగా వెళ్తూ చూస్తే ముంజేతి లావు వేళ్లు నాలుగైదు కోసేసిన మొనలతో కందకం గోడలోంచి బయటికి చూస్తున్నాయి. ఈ చెట్టును ఒక పక్క నిలబెట్టేవి ఇవే, తల బరువు తగ్గించండి, లేదా కిందికి ఎవరినీ రానివ్వకండి అని పని చేయించేవాళ్లకు చెప్పాను. “పచ్చగా ఉంది కదా” అన్నారు. పచ్చగానే ఉంది. మిగిలిన వేళ్లు నీళ్లు తెచ్చి పెడుతున్నాయి కాబట్టి ఆకుకు ఏమీ తెలియదు. నిలబెట్టే వేళ్లు పోయిన సంగతి గాలికే తెలుస్తుంది. మరుసటి ఏడు ముంగారు గాలివానకు రాత్రి మూడు గంటలప్పుడు అది వేళ్లతో సహా లేచి, టార్పాలిన్ కప్పి పెట్టిన ఇడ్లీ బండి మీద అడ్డంగా పడింది. బండి నడిపే అమ్మ అయిదింటికి వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. తెల్లారాక నేను వెళ్లేసరికి ఆమె ఏడవడం లేదు, ఆకుల కింద నుంచి ఇడ్లీ రేకులు ఒక్కొక్కటే ఏరుకుంటోంది. లేచిన వేరు గడ్డ కాలువ వైపు గోడ కట్టినంత తిన్నగా ఉంది.

గట్టిదాన్ని కొట్టించాం, కూలేదాన్ని ఉంచాం. రెండు చోట్లా చెట్టును చూసింది నేనొక్కడినే. రెండు చోట్లా నా మాటకు విలువ లేదు.

నేనూ తప్పు చేశాను. ఒక ఇంటివాళ్ల తురాయి చెట్టును చూసి ఈ ఏడాదికి ఫరవాలేదన్నాను. ఏప్రిల్‌లో, ఆకు కదలని ఒక మధ్యాహ్నం, తొడ లావు కొమ్మ పటుక్కున విరిగి కారు మీద పడింది. ఆ కొమ్మ, మాను కలిసే చోట బెరడు లోపలికి ముడుచుకుని ఉంది. కింద నుంచి చూస్తే కనబడదు, ఎక్కి చూడాల్సింది, ఎక్కలేదు. ఆ ఇంటి యజమాని నన్ను ఏమీ అనలేదు. నా పుస్తకంలో ఆ పేజీని అలాగే ఉంచాను. అప్పటి నుంచి సందుల్లో బెరడు ముడుచుకునే జాతులను ఎక్కకుండా చూసి ఏమీ రాయడం లేదు.

చెట్టును చూడటం అంటే ఏమిటో ఇప్పుడు కొంచెం చెప్పనివ్వండి. మూడు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి. ఏ భాగం విరిగేలా ఉంది? విరిగితే కింద ఎవరైనా ఉంటారా? ఉంటే ఎంత దెబ్బ? పొలం గట్టున ఎండిపోయిన మాను ఇవాళో రేపో పడొచ్చు, కింద గుడ్లగూబ తప్ప ఎవరూ ఉండరు. బస్సు స్టాపు మీద చెయ్యి లావు ఎండు కొమ్మ దానికంటే ముందు చూడాల్సింది. మన దగ్గర ఈ మూడూ కలిపి ‘ప్రమాదకరం’ అని ఒకే మాట. అడిగేవాళ్లకు కావలసిన రెండో మాట ‘సురక్షితం’. ఆ మాట నా చేత రాయించలేరు. గాలిలో నిలబడ్డ ఏ చెట్టునూ సురక్షితం అనలేం. అమెరికాలో 1924లో మొదలైన ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బొరికల్చర్ 1992 నుంచి చెట్ల నిపుణులకు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తోంది, మూడేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. చెట్ల వల్ల వచ్చే ముప్పును అంచనా వేయడానికి 2013లో వేరే అర్హత పెట్టింది, అది అయిదేళ్లకు చెల్లిపోతుంది. ఆ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది మాటల పొదుపు. విరగడం గురించి నాలుగే మాటలు రాయొచ్చు. మన భాషలో చెప్పాలంటే: దాదాపు జరగదు, జరగొచ్చు, జరిగేలా ఉంది, ఇవాళో రేపో. ఆ మాట ఎంత కాలానికి వర్తిస్తుందో కూడా రాయాలి. ఏడాదికా, మూడేళ్లకా? గడువు రాయని అభిప్రాయం నా దృష్టిలో జాతకం చెప్పడం లాంటిది.

ఈ పనిలో తెలిసినవాడికీ తెలియనివాడికీ ఉన్న తేడా కోతలోనే బయటపడుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను రంపంతో చీల్చి చూసి 1970లలో ఒక సంగతి తేల్చాడు. మన చర్మం మానినట్టు చెట్టు గాయం మానదు. లోపల గోడలు కట్టుకుని కుళ్లును అక్కడికక్కడ ఆపుతుంది, పైన కొత్త కలప పెంచి మూసేస్తుంది. కొమ్మ మానును కలిసే చోట ఉబ్బెత్తుగా మెడలాంటిది ఉంటుంది, ఆ గోడ కట్టే శక్తి అక్కడే ఉంది. మన వాళ్లు నున్నగా కనబడాలని ఆ మెడను కూడా చెక్కేస్తారు. ఆ తర్వాత తారు పూస్తారు, తొర్రలో సిమెంటు కూరుతారు. జెండా పండుగ ముందు సున్నం, జాజు పట్టీలు సరేసరి, చూడ్డానికి బాగుంటాయి. కరెంటు తీగల కింద మొత్తం తల నరికి మోడు చేస్తారు. ఆ మోడు నుంచి గుబురుగా వచ్చే కొమ్మలు లోపలి కలపలో నాటుకోవు, పైపైన అంటుకుని పెరుగుతాయి. అయిదారేళ్లకు లావెక్కి ఊడిపడతాయి. అప్పుడు ‘చూశారా, ఈ చెట్టు ప్రమాదకరం’ అంటూ మళ్లీ మన దగ్గరికే కాగితం వస్తుంది.

2021లో వేపచెట్లు ఎండిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణలోనూ మన వైపూ చిగుళ్ల నుంచి కిందికి మాడుతూ వచ్చాయి. చెట్లకూ కరోనా వచ్చిందని జనం అనుకున్నారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని అది, టీ దోమ అనే పురుగు కూడా తోడైంది. ఎండుకొమ్మ గోటితో గీరితే లోపల ఆకుపచ్చ పొర కనిపించిన చెట్లు చాలా ఉన్నాయి. అవి మళ్లీ చిగురించాయి. గోరు పెట్టి గీరడానికి డిగ్రీ అక్కర్లేదు. కానీ గీరి చూడమని చెప్పే మనిషి లేక ఆ నెలల్లో ఎన్ని వేపలు కట్టెల మండీకి పోయాయో నా కళ్లతో చూశాను.

చూపుకు విలువ లేకపోవడానికి ఒక కారణం కాగితాల్లోనే ఉంది. ఇంజనీర్లకు నేను చెప్పనక్కర్లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ధరల విశ్లేషణలో చెట్టు కొట్టడానికి చుట్టుకొలత ప్రకారం పద్దులున్నాయి: 300 నుంచి 600 మిల్లీమీటర్లు, 600 నుంచి 900, 900 నుంచి 1800, ఆ పైన. మొద్దు పెకలించడానికి, గుంత పూడ్చడానికి కూడా లెక్క ఉంది. కొట్టే ముందు దాన్ని చూసేవాడికి అరపూట కూలి ఇచ్చే పద్దు మాత్రం ఎంత వెతికినా నాకు కనబడలేదు. పద్దు లేని పనికి బిల్లు రాదు, బిల్లు రాని పనిని ఎవరు చేయిస్తారు? 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. మంచి చట్టం. నా చేతికొచ్చిన దరఖాస్తుల్లో జాతి, చుట్టుకొలత, కలప విలువ రాసి ఉన్నాయి. కారణం దగ్గర ‘కూలే ప్రమాదం ఉన్నందున’ అని ఒక ముక్క. అది ఎవరు తేల్చారు, ఏం చూసి తేల్చారు అని అడిగే గడి లేదు.

సంతకం పెట్టే మీ ఇబ్బంది నాకు తెలియకపోలేదు. 2022 జులై 8న చండీగఢ్‌లో ఒక బడి ఆవరణలో వారసత్వ వృక్షంగా గుర్తించిన పాత రావి కూలి ఒక విద్యార్థిని చనిపోయింది, పలువురు గాయపడ్డారు. అలాంటి వార్త చదివాక ఏ అధికారి చెయ్యి అయినా కొట్టేయమనే రాస్తుంది. ఉంచమని రాసి అది పడితే ఉద్యోగం పోతుంది, కొట్టమని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. అందుకే చూసే బాధ్యతను అది తెలిసినవాళ్ల మీద పెట్టమంటున్నాను. మీ భయం కూడా తగ్గుతుంది.

కొట్టడానికీ వదిలేయడానికీ మధ్య చాలా దారులున్నాయని మన తెలుగు నేల మీదే చూశాం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడితే సందర్శకులను ఆపేశారు. చెదలు తొలిచిన కొమ్మలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు, వాలిన వాటికి ఆసరా కట్టారు. చెట్టును కదపలేరు కాబట్టి మనుషుల్ని పక్కకు జరిపారు. ఇడ్లీ బండి విషయంలో నేను అడిగిందీ అదే. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానును, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లినా నాకది మా జిల్లా చెట్టే, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కించాం. అక్కడ లేత ఊడలను వెదురు బొంగుల్లోంచి నేలకు దించుతారు. అది చేసే మనిషిని మనం ఏమని పిలుస్తాం? కూలీ అనే కదా.

హాంకాంగ్‌లో 2008లో ఒక చెట్టు కూలి పందొమ్మిదేళ్ల విద్యార్థిని చనిపోయింది. 2010లో చెట్ల నిర్వహణకు ప్రత్యేక కార్యాలయం పెట్టారు. 2020లో ఈ పని చేసేవాళ్ల నమోదు మొదలైంది. అందులో చెట్ల నిపుణుడు వేరు, ముప్పు అంచనా వేసేవాడు వేరు, పని పర్యవేక్షించేవాడు, చెట్టెక్కేవాడు, రంపం నడిపేవాడు వేరు. అయిదు పనులకు అయిదు పేర్లు. మన పక్క కర్ణాటకలో 1976 చట్టంతోనే ‘ట్రీ ఆఫీసర్’ అనే హోదా ఉంది. అక్కడా చెట్లు కూలుతూనే ఉన్నాయి, అంతా బాగుందని చెప్పడం లేదు. అడగడానికి ఒక కుర్చీ అయినా ఉంది.

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. ‘ప్రమాదకరం’ అని రాసిన ప్రతి కాగితానికి చూసినవాడి పేరు, ఏమేమి చూశాడు, ఆ మాట ఎంత కాలానికి అన్నది జతపరచండి. ఫొటోలు పెట్టండి. చూసినవాడు కొట్టే గుత్త తీసుకోకూడదు, కలప అస్సలు కొనకూడదు. ఈ ఒక్క నియమం పెడితే సగం చెట్లు వాటంతటవే ప్రమాదం నుంచి బయటపడతాయని నా అనుమానం. నాకూ ఇదే వర్తింపజేయండి. నేను చూసిన చెట్టు కోత పని నాకు ఇవ్వకండి. పద్ధతి ప్రకారం చూసి, రాసి, ఉంచమన్నవాడి చెట్టు తుపాను గాలికి పడితే, ఆ రాత మీద విచారణ జరపండి, మనిషి మీద కాదు. లేకపోతే వాడూ రేపటి నుంచి అన్నీ కొట్టమనే రాస్తాడు. ఉద్యాన విద్య చదివిన పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. పదేళ్లుగా కొమ్మల మీద నడిచి చెట్టు మనసు తెలిసిన కూలీలూ ఉన్నారు. వీళ్లిద్దరినీ కలిపి నెల రోజులు తర్ఫీదు ఇప్పించి, పరీక్ష పెట్టి, ఒక పేరు పెట్టండి. ఏ పేరైనా సరే. చదువురానివాడి పరీక్ష చెట్టు దగ్గరే, నోటితో జరగాలి. మా నాన్న రాత పరీక్ష పాసయ్యేవాడు కాదు.

ఎక్కేవాడి గురించి ఒక్క మాట. అయిదు వందల కూలికి, కొబ్బరి తాడు నడుముకు కట్టి, చెప్పులు విప్పి నలభై అడుగులు ఎక్కి రంపం నడిపించే మనిషికి బీమా అడిగితే మేస్త్రీలు నవ్వుతారు. పని అప్పగించే ఉత్తర్వులో తాడు, హెల్మెట్, బీమా అని రాస్తే నవ్వరు.

ఇక అసలు పని. మా వీధి చివర పాత బస్సు షెల్టరు పక్కన ఉన్న వేపకు ఎర్ర రంగుతో నంబరు వేశారు. కొట్టే తేదీ ఎవరూ చెప్పడం లేదు. ఈ ఆదివారం ఉదయం 6 గంటలకు నేను అక్కడ ఉంటాను. సుత్తి, టేపు, తొలిక, నిచ్చెన నావే. ఫీజు లేదు. మీలో ఎవరైనా వస్తే కుర్చీ వేయిస్తాను, ఎదురుగా టీ బండి ఉంది. చూసింది చూసినట్టు రాసి సంతకం చేసి ఇస్తాను. కొట్టాల్సిందే అని తేలితే అదే రాస్తాను. దక్షిణం వైపు మొదట్లో, నేలకు జానెడు ఎత్తున, అరచేతి వెడల్పు పుట్టగొడుగు ఒకటి కనబడుతోంది. దాని కింద తవ్వితే తప్ప ఏ సంగతీ చెప్పలేను.

ఇట్లు,
చెట్లెక్కే మనిషి,
అనంతపురం